మూడో స్తంభం దగ్గర ఆగిన క్యాబిన్

ఆ కొండ మీదికి ఏడాది పొడుగునా జనమే. ఎండాకాలం సరస్సులో పడవలు, వానాకాలం జలపాతాలు, చలికాలం మంచు మీద స్కీయింగ్. కానీ పొద్దుగూకాక ఒంటరిగా రోప్‌వే ఎక్కమంటే మాత్రం అక్కడి పనివాళ్లు వెనకాడతారు.

మూడో స్తంభం మంచిది కాదంటారు. లోయ బాగా లోతుగా ఉన్నచోట ఉంటుందది. గాలి లేకపోయినా అక్కడ క్యాబిన్ ఆగిపోతుందట. ఆగితే... కళ్లు మూసుకోవాలట.

మా పిన్ని పై స్టేషన్లో టికెట్లు ఇచ్చేది. ఈ మాటలంటే ఆవిడకి నవ్వు. "దెయ్యమైనా సరే, టికెట్ లేందే ఎక్కనివ్వను" అనేది.

ఇది ఆవిడ నోట విన్నదే.

మర్నాటి నుంచి మంచు సీజన్. పనులు తెమిలేసరికి చీకటి పడింది. కింద ఇంట్లో చంటిదానికి జ్వరం. ఇక ఆగలేక ఒక్కతే క్యాబిన్ ఎక్కింది.

నాలుగు నిమిషాలు బాగానే దిగింది. ఆ తర్వాత—

టక్కున ఆగింది.

మూడో స్తంభం.

చుట్టూ పొగమంచు. పైన తీగ కీచుమంటోంది. ప్రతి క్యాబిన్లోనూ తగిలించి ఉండే వాకీటాకీ తీసి పిలిచింది. బరబర తప్ప బదులు లేదు. కళ్లు మూసుకోబోయింది... అంతలో మంచు కాస్త పలచబడింది.

ఎదుటి తీగ మీద, పైకి వెళ్లే క్యాబిన్ ఒకటి ఆగి ఉంది. లోపల గుడ్డి దీపం. నిండా మనుషులు! భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. తలల మీద టోపీలున్నాయి... టోపీల కింద మొహాల్లేవు. చేతులు ఊగుతున్నాయి... వాటి చివర వేళ్లు లేవు.

పిన్నికి పైప్రాణాలు పైనే పోయాయి.

వాకీటాకీ గరగరమంది. గుసగుసగా ఓ మగ గొంతు—

"అమ్మా... నువ్వు మనిషివేనా?"

పిన్ని వాకీటాకీని చెవికి ఆనించుకుంది.

"మనిషివైతే... చెయ్యి ఊపు తల్లీ."

పిన్ని చెయ్యి ఊపింది.

ఎదురుగా, ఆ మొహాల్లేని గుంపులోంచి మెల్లగా ఒక చెయ్యి లేచింది. దానికి ఐదు వేళ్లూ ఉన్నాయి! వెనకాలే ఓ బట్టతల తోసుకుంటూ బయటికొచ్చింది.

"నేనక్కా, లాండ్రీవాణ్ణి! అద్దెకిచ్చే టోపీల చలికోట్లు ఉతికి పైకి తీసుకెళ్తున్నా. ముడతలు పడతాయని హేంగర్లకి తగిలించా."

పిన్నికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"నీ ఇల్లు బంగారం కానూ! గుండె ఆగి చచ్చేదాన్ని కదయ్యా!"

అతను నవ్వలేదు.

రెండు క్యాబిన్లూ ఒక్క కుదుపుతో కదిలాయి. అతనిది పైకి, ఈవిడది కిందికి. దూరమవుతూ వాకీటాకీలో ఆ గొంతు మళ్లీ... ఇంకా గుసగుసగానే—

"అది సరేగానీ అక్కా... నువ్వు చెయ్యి ఊపావు. నీ వెనక కూర్చున్నావిడ ఎందుకు ఊపలేదు?"

కిందికి ఇంకా ఆరు నిమిషాలు.

పిన్ని తల తిప్పలేదు. మెడ బిగుసుకుపోయినా తిప్పలేదు. తలుపు తెరుచుకోగానే దూకేసి, ఇంటిదాకా పరిగెత్తి, చంటిదాన్ని గుండెకి హత్తుకుని తెల్లారేదాకా కూర్చుంది.

"ఇంతకీ వెనక ఎవరైనా ఉన్నారా పిన్నీ?" అని ఇప్పటికీ అడుగుతుంటాను.

"చూసుంటే... నీకు చెప్పడానికి ఉండేదాన్నా?" అంటుంది.