సంచికి రెండో పట్టీ

ఆ సాయంత్రం నేను చేసిన నేరమల్లా ఒక అమ్మాయికి సాయం చెయ్యబోవడమే.

కళ్ళజోళ్ళ షాపులో కొత్తగా చేరాను. అద్దాలు తుడుస్తూ బయటికి చూస్తే, ఎదురింటి అమ్మాయి మలుపు దగ్గర తన బరువులో సగముండే సంచి మోసుకుంటూ ఆపసోపాలు పడుతోంది. నాలోని పెద్దమనిషి ఊరుకోలేదు. ఒక్క ఉదుటున వెళ్ళి సంచి అందుకున్నాను. అంతే, వాళ్ళ మేడమీంచి విజిల్ మోగింది.

"మలుపు తిరిగితే ఇల్లొచ్చేసేది," అంది ఆ అమ్మాయి, నన్ను కొరికేసేలా చూస్తూ. "మిమ్మల్నెవరు పిలిచారండీ?"

అసలు సంగతి తర్వాత తెలిసింది. వాళ్ళ నాన్నగారు స్కూల్లో డ్రిల్ మాస్టారు. ఏటా వేసవి సెలవులకి ఊరెళ్ళే ముందురోజు ఆ ఇంట్లో సామాన్ల రిహార్సల్ జరుగుతుంది. ఎవరి సామాను వాళ్ళే సర్దుకుని, ఎవరిది వాళ్ళే మోసుకుంటూ వీధి చుట్టూ ఒక రౌండు తిరిగి రావాలి. దారిలో కింద పెట్టినా, పరాయి చెయ్యి తగిలినా, సంచి విప్పి ఒక వస్తువు తీసెయ్యాలి. ఏది తియ్యాలో మాస్టారే చెప్తారు.

ఒక్క మినహాయింపు ఉంది. మాస్టారికీ వాళ్ళావిడకీ కలిపి ఒకటే పెద్ద సంచి, చెరో పట్టీ పట్టుకుని నడుస్తారు. మొగుడూ పెళ్ళాలైతే ఇద్దరూ కలిసి మొయ్యొచ్చని రూలు. ఆ రూలు పెట్టింది మాస్టారే కాబట్టి అడిగేవాళ్ళు లేరు.

నా పుణ్యమా అని ఆ ఏడు ఆ అమ్మాయి సంచిలోంచి గొడుగు బయటికొచ్చింది.

సెలవులయ్యాక వాళ్ళమ్మ కళ్ళజోడు పట్టుకుని ఆ అమ్మాయే షాపుకొచ్చింది. తుమ్ముల మధ్య మాట సగం సగమే వస్తోంది. వెళ్ళినచోట రోజూ వానేనట, ఈ జలుబంతా నా చలవేనట. కాడ స్క్రూ ఊడింది, బిగించమంది. నిమిషంలో అయ్యే పని. రేపు రమ్మన్నాను.

"ఒక్క స్క్రూకి రేపటిదాకానా?" అని గొణిగింది గానీ, మర్నాడు వచ్చింది.

ఆ తర్వాత ఆ కళ్ళజోడుకి ఏదో ఒక రోగం వస్తూనే ఉంది. నా పనితనం మీద నాకే అనుమానం పుట్టింది. ఆ స్క్రూలు వదులు చేసే మనిషెవరో అప్పట్లో నాకు తట్టనే లేదు.

మళ్ళీ రిహార్సల్ నాటికి నేను బుద్ధిమంతుడినయ్యాను. చేతులు వెనక్కి కట్టుకుని ఆమె పక్కన నడిచాను. మాట్లాడుతూ నడవొచ్చా అని ఆమె మేడమీదికి కేకేసి అడిగితే, మాటలకి బరువేముంటుందన్నారు మాస్టారు. ఏటా ఆ ఒక్క రౌండు కోసం నేను వేసవి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాణ్ణి. వీధి ఇంకాస్త పొడుగ్గా ఉంటే ఎంత బాగుండేదో.

ఒక వేసవిలో కళ్ళజోడుతో వచ్చిన ఆమె మొహంలో నవ్వు లేదు. మాస్టారికి బదిలీ అయిందట. ఈసారి సెలవుల నుంచి అటే కొత్త ఊరికి పోతారట, ఇక ఇటు రారట.

"స్క్రూ గట్టిగా బిగించండి," అంది. "అక్కడ మంచి షాపు ఉంటుందో లేదో."

బిగించాను. మనసులో మాట చెప్పాలంటే ఇక మర్నాటి రౌండే మిగిలింది.

మర్నాడు మబ్బు పట్టింది. సంచి రెండు పట్టీలూ కలిపి ఒక చేత్తో పట్టుకుని నడుస్తోంది. చెప్పాలనుకున్నది వదిలేసి, ఉక్కపోత గురించీ మబ్బుల గురించీ ఏదో వాగాను. మలుపు దగ్గరపడింది. మేడమీద మాస్టారు, ఆయన నోట్లో విజిల్. చినుకులు మొదలయ్యాయి. నా చెయ్యి దానంతటదే వెళ్ళి ఒక పట్టీ పట్టుకుంది.

"నాన్న చూస్తున్నారు," అంది మెల్లగా.

"తెలుసు."

"రూలేమిటో గుర్తుందా?"

"గుర్తుండే పట్టుకున్నాను."

సంచి కింద పెట్టేస్తే నాకు కాదన్న జవాబు దొరికినట్టే. ఆమె ఆగింది. తర్వాత ఆమె వేళ్ళు ఒక పట్టీని వదిలేశాయి. సగం బరువు నా చేతికొచ్చింది. ప్రాణం లేచొచ్చింది.

"ముందు సంచిలోంచి ఆ గొడుగు తియ్యండి," అంది. "మళ్ళీ జలుబు చేస్తే మీదే పూచీ."

విజిల్ మోగలేదు. గేటు దగ్గరికి వచ్చేసరికి మాస్టారూ, వాళ్ళావిడా కిందికొచ్చి నిలబడి ఉన్నారు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇన్నిసార్లు స్క్రూ ఊడే కళ్ళజోడు ఎక్కడా ఉండదని నాకెప్పుడో తెలుసులే," అంది. నా పక్కనున్న మనిషి తల దించేసుకుంది. అప్పటికి గానీ నా మట్టిబుర్రకి వెలగలేదు.

మాస్టారు సంచినీ, మమ్మల్నీ చాలాసేపు చూశారు. వాన తలమీద పడుతున్నా కదల్లేదు.

"మలుపు దగ్గర అడుగులు కలవలేదు," అన్నారు చివరికి. "ఇంకో రౌండు తిరిగి రండి."

అది జరిగి ఏళ్ళయింది. రేపు మా ప్రయాణం. చక్రాల సూట్‌కేసు అటక మీదే ఉంది, మా ఆవిడ దాన్ని దించనివ్వదు. మాస్టారు లేరు. విజిల్ ఇప్పుడు అత్తయ్యగారి దగ్గరుంటుంది. ఇందాక చెరో పట్టీ పట్టుకుని మా వీధి చుట్టూ తిరిగొచ్చాం. మెట్ల దగ్గరికి రాగానే అత్తయ్య విజిల్ ఊదింది.

ఈసారి అడుగులు కలిశాయి కదా అత్తయ్యా, అన్నాను.

"కలిశాయి నాయనా," అంది. "ఆయనుంటే ఇంకో రౌండు తిరిగి రమ్మనేవారు."

మా ఆవిడ నావైపు చూసింది. ఇద్దరం మళ్ళీ సంచి ఎత్తుకున్నాం.