మనం అంటే ఎవరెవరు?

పరుగు...

చేపల రేవులో తడి సిమెంటు నేల మీద బూట్లు జారుతున్నాయి. అయినా ఎస్సై ఆగడం లేదు. ఆమె ముందు పరిగెడుతున్నవాడు బోటు డ్రైవరు.

పొద్దున వలలో శవం పడింది. చేపల వేలం పాడే పెద్దమనిషిది. నిన్న అతన్ని సముద్రంలోకి తీసుకెళ్లింది ఈ డ్రైవరే.

"వాణ్ణి వదలకమ్మా!" వెనక నుంచి హెడ్ కానిస్టేబుల్ అరుస్తున్నాడు. స్టేషనంతా ఆయన్ని బాబాయ్ అంటుంది. ఎస్సై కూడా.

డ్రైవరు ఐస్ ఫ్యాక్టరీలోకి దూరాడు. ఎదురుగా గోడ. ఇక దారి లేదు.

ఎస్సై వాడి కాలర్ పట్టుకుని గోడకి నొక్కింది.

"ఎందుకు పరిగెత్తావ్?"

"భయమేసింది మేడం. మా అమ్మ మీద ఒట్టు, నేను చంపలేదు."

బాబాయ్ ఆయాసపడుతూ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"ఒట్టేస్తే నమ్మేస్తామా? బేడీలు వెయ్యమ్మా. కేసు తేలిపోయింది."

అప్పుడే తేలిపోయిందా? ఈయనకెందుకింత తొందర?

"సముద్రంలో ఏం జరిగింది? చెప్పు."

"అప్పటికి బతికే ఉన్నాడు మేడం. మనం లంగరేసినప్పుడు కూడా మాట్లాడుతూనే..."

డ్రైవరు నాలుక కరుచుకున్నాడు.

మనం?

తనతో ఇంకెవరైనా ఉంటే 'మేం' అనాలి. 'మనం' అన్నాడంటే, వింటున్నవాళ్లు కూడా ఆ బోటులో ఉన్నట్టే. ఆమె లేదు. ఇక్కడ వింటున్నది ఇంకొక్కరే.

డ్రైవరు చూపు ఆమె భుజం మీదుగా వెనక్కి పోతోంది.

మెల్లగా తిరిగింది. బాబాయ్ చేతిలో అప్పటికే పిస్తోలు ఉంది.

"తప్పుకో తల్లీ. పారిపోతుంటే కాల్చామని రాద్దాం."

ఉన్నది ఒక్క సాక్షి. వీడు పోతే నిజం కూడా పోతుంది. ఆమె తప్పుకోలేదు.

"ఎందుకు చంపావ్ బాబాయ్?"

"బోటుల్లో దొంగ డీజిలు వస్తోందని పైవాళ్లకి చెప్పేస్తానన్నాడు. నా వాటా సంగతి కూడా." ఆయన కళ్లలో నీళ్లు. "నా కూతురి లాంటిదానివి. మొండికెయ్యకు."

"నన్ను కాలుస్తావా?"

ఢాం!

కడుపులో నిప్పు. ఆమె ఐస్ ముక్కల మీద పడిపోయింది. చెయ్యి సొంత పిస్తోలు కోసం తడుముకుంటోంది. అది బెల్టులో లేదు... బాబాయ్ అప్పటికే వంగి తీసేసుకున్నాడు.

ఆమె పిస్తోలుతోనే మరో మోత. డ్రైవరు కుప్పకూలాడు. బాబాయ్ తన పిస్తోలు వాడి చేతిలో పెట్టాడు.

"పరిగెత్తుకు రండ్రా! వీడు నా పిస్తోలు లాక్కుని అమ్మాయిని కాల్చేశాడు!" బయటున్న కానిస్టేబుళ్లకి వినిపించేలా అరిచాడు.

బాబాయ్ ఆమె తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు. వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపులో అబద్ధం లేదు.

అందుకే అందరూ నమ్మేస్తారు.