రాయబారి అనని మాట

1998. నాంపల్లిలో ఓ పాత మేడ పైగది. ఏజెంట్ జాబెజ్ తలుపు తట్టాడు.

“రేడియో బాగైందా?” లోపలి నుంచి ప్రశ్న.

“బ్యాటరీ లేదు.”

కోడ్ కలిసింది. తలుపు తెరిచిన చీఫ్ రాధాకృష్ణమూర్తి నేరుగా విషయానికి వచ్చాడు.

“తోరానా, కెల్బార్. ఒక కొండ కోసం ఏళ్లుగా యుద్ధం. అంతర్జాతీయ శాంతి సదస్సు ఎక్కడ, ఎలా జరపాలో తేల్చుకోవడానికి రెండు దేశాల రాయబారులు ఇవాళ ఆబిడ్స్‌లో ఓ హోటల్లో కలుస్తున్నారు. ఇద్దరికీ ఆయుధాలమ్మే విదేశీ ముఠాకి అది గిట్టదు. ఒకాయనది ఫ్రెంచ్, ఒకాయనది ఇంగ్లిష్. నువ్వు దుబాసీవి. జెర్లిన్ తోడుంటుంది.”

జెర్లిన్ మూడేళ్లుగా అతని పార్ట్‌నర్.

హోటల్ హాలు మూల, దుబాసీ కోసం చప్పుడు బయటికి పోని అద్దాల బూత్. నెరిసిన విగ్గు, దళసరి కళ్లజోడుతో జాబెజ్ మైకు ముందు కూర్చున్నాడు. చెక్ చేస్తానని అతని వైర్‌లెస్ తీసుకున్న జెర్లిన్, గుమ్మంలో ఆగి పట్టుచీర కొంగు కాస్త జరిపింది. కింద పిస్టల్.

“టేబుల్ మీద పూలకుండీ చూసినవా? అండ్ల టైమ్ బాంబుంది.”

“ఏందిది, జెర్లిన్?”

“మైకుల ఒర్రుతవా? ఒర్రు. బాంబన్న మాట చెవుల పడితే సాలు, నువ్వు పెట్టినవంటే నువ్వు పెట్టినవని ఇద్దరూ విమానమెక్కుతరు. మావోళ్లకు గదైనా మంచిదే.”

బయటి నుంచి తాళం పడింది.

జాబెజ్ తలుపు తోశాడు. కదల్లేదు. జేబులో పెన్ను కెమెరా ఉంది. తాళం తీసే సాధనం లేదు. అద్దం పగలగొడితే అందరూ చూస్తారు. ఇక మిగిలింది మైకు.

తోరానా రాయబారి లేచి ఫ్రెంచ్‌లో గర్జించాడు: “చచ్చిపోయిన మా సైనికులకి మీరు జవాబు చెప్పాలి.”

కెల్బార్ రాయబారి హెడ్‌ఫోన్లో జాబెజ్ ఇంగ్లిష్ మాటలు వేరేగా పడ్డాయి: “పోయిన మీ సైనికులకీ, మావాళ్లకీ కలిపి బయట వరండాలో మౌనం పాటిద్దాం.”

ఆ ముసలాయన కదల్లేదు. ఆయన కొడుకు ఆ కొండ మీదే పోయాడని జాబెజ్‌కి తెలుసు.

చివరికి ఆయన కళ్లు తుడుచుకుని “పదండి” అన్నాడు.

జాబెజ్ వెంటనే ఫ్రెంచ్ ఛానెల్ మీటనొక్కాడు: “పోయిన ఇరుపక్షాల వాళ్ల కోసం బయట మౌనం పాటిద్దామంటున్నారు.”

తోరానా రాయబారి పిడికిలి సడలింది. ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. అందరూ వాళ్ల వెనకే వెళ్లారు. హాలు ఖాళీ.

జాబెజ్ కుర్చీ ఎత్తి అద్దాన్ని బద్దలుకొట్టాడు. ఆ చప్పుడు ఆబిడ్స్ హారన్లలో కలిసిపోయింది. పూలు పీకి పారేశాడు. టైమర్ మీద మూడు సెకన్లు. వేళ్లకి తీగ అందింది. రెండు. లాగాడు.

ఒకటి దగ్గర ఆగిపోయింది.

రిసెప్షన్ నుంచి చీఫ్‌కి ఫోన్ చేశాడు. నర్సు వేషంలో రైలెక్కబోతున్న జెర్లిన్ నాంపల్లి స్టేషన్లో దొరికింది. ముఠా పేర్లన్నీ చెప్పింది.

సాయంత్రం చీఫ్ పిలిచాడు.

“సదస్సు ఖాయమైంది. మౌనం ఆలోచన మాదంటే మాదని ఇద్దరూ పత్రికలవాళ్లకి చెబుతున్నారు. ఇంతకీ ఎవరిదయ్యా?”

“నాకేమెరుక సార్,” అన్నాడు జాబెజ్ విగ్గు తీస్తూ. “దుబాసీకి సొంత మాట ఉంటదా?”