పాత హాల్లో కొత్త మెషిన్

ఆ ఉదయం డిటెక్టివ్ గదిలోకి వచ్చిన పెద్దావిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా తమ్ముడు ఆ పని చెయ్యలేదు బాబూ," అంది.

పేటలో అందరూ ఆవిడను టికెట్ల అత్తయ్య అంటారు. మూతపడిన సినిమా హాల్లో ఒకప్పుడు కౌంటర్లో కూర్చున్నది ఆవిడే. పైన సినిమా వేసే మెషిన్ నడిపింది ఆవిడ భర్త. ఆయనా పోయాడు, హాలూ పోయింది. నిరుడు ఒక ఫైనాన్షియర్ వచ్చి, తలా ఒక వాటా వేస్తే హాలు మళ్లీ తెరుద్దామన్నాడు. తన బతుకంతా బ్యాంకుల్లోనే గడిచిందనీ, సినిమా వ్యాపారం కొత్తేననీ చెప్పుకున్నాడు. పేటలోని పెద్దవాళ్లు దాచుకున్నదంతా తెచ్చి అతని చేతిలో పోశారు. లాభం మీద ఆశతో కాదు, ఆ చీకట్లో మళ్లీ ఒక్కసారి పక్కపక్కన కూర్చోవాలని.

మొన్న మెషిన్ గది తగలబడింది. విదేశాల నుంచి తెప్పించిన కొత్త మెషిన్ కాలిపోయిందని, అందరం మునిగామని ఫైనాన్షియర్ తల పట్టుకున్నాడు. కాపలా ఉన్న అత్తయ్య తమ్ముడు టీ కాచుకునే స్టవ్వు వల్లే మంటలు లేచాయని పోలీసులు అతన్ని లాకప్‌లో పెట్టారు.

"మొదట్నుంచీ చెప్పండమ్మా. ఏదీ వదలొద్దు," అన్నాడు డిటెక్టివ్.

"ఏం చెప్పను? ముందు పాత మెషిన్ మీదే ఓ పాత బొమ్మ వేశారు. ఎంత ఏడ్చానో! ఫైనాన్షియర్ బాబు నా ముందు వరసలోనే ఉన్నాడు. రీలు మారే ముందల్లా తల తిప్పి మెషిన్ గది కిటికీ వంక చూసేవాడు. సెలవు రోజున మా ఆయన నా పక్కన కూర్చుని అచ్చం అలాగే చూసేవాడు. తర్వాత కొత్త మెషిన్ వచ్చింది. పెట్టె ముందు అందరం ఫొటో దిగాం. నేనూ మా వదినా పక్కపక్కన నిలబడ్డా పెట్టె మాకు ఇటూ అటూ కనిపిస్తూనే ఉంది."

డిటెక్టివ్ చేతిలో తిరుగుతున్న పెన్సిల్ ఆగిపోయింది. పక్కనే ఉన్న సహాయకురాలికి ఆ ఆగడం అంటే ఏమిటో తెలుసు. ఏదో దొరికిందన్నమాట. హాలుకు వెళ్లడానికి లేచింది.

హాల్లో ఫైనాన్షియర్ మర్యాదగా ఎదురొచ్చాడు. మెషిన్ గదికి గుండ్రంగా తిరిగే ఇనుప మెట్లున్నాయి. సహాయకురాలి భుజం గోడకు రాసుకుని సున్నం అంటుకుంది. గది గుమ్మం దగ్గర డిటెక్టివ్ పక్కకు తిరిగి లోపలికి దూరాల్సి వచ్చింది.

"పెట్టె పైకి ఎలా ఎక్కించారు?"

"ఫొటో దిగిన మర్నాడు కూలీలను పెట్టి ఎక్కించాను. ఇక్కడికి వచ్చాకే కంపెనీ మెకానిక్ సీలు తీశాడు."

"ఈ మెట్ల మీదుగానేనా?"

"వేరే దారి ఎక్కడుంది?"

"కాలిన మెషిన్ ఏదీ?"

"తుక్కు కింద పంపించేశాను. చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది."

తిరిగి వస్తూ డిటెక్టివ్ సహాయకురాలితో, "సినిమాలు పంపిణీ చేసిన పాత కంపెనీలకు ఫోన్లు చెయ్యి. హాలు నడిపి, చితికిపోయి, ఊరు వదిలినవాళ్లెవరో కనుక్కో," అన్నాడు.

"ఆయన బ్యాంకు మనిషి కదా సార్?"

"కాదమ్మా."

రెండు రోజుల తర్వాత వాటాదారులంతా హాల్లో తెర ముందు కూర్చున్నారు. ఫైనాన్షియర్ ఓ పక్కగా, ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"రీలు అయిపోవచ్చేసరికి, ఇక మార్చమని గుర్తుగా తెర మూల ఒక చుక్క మెరుస్తుంది," అన్నాడు డిటెక్టివ్. "మామూలు ప్రేక్షకుడి కంటికి అది ఆనదు. మెషిన్ నడిపినవాడి తల మాత్రం దానంతటదే వెనక్కి తిరుగుతుంది. ఈయనకు సినిమా కొత్త కాదు. వేరే ఊళ్లో, వేరే పేరుతో హాలు నడిపి దివాలా తీశారు. ఇక మీరు ఫొటో దిగిన పెట్టె. ఇద్దరు మనుషుల కన్నా వెడల్పుంది. ఆ గుండ్రటి మెట్లు తిరిగి, నేనొక్కణ్ణే నేరుగా పట్టని గుమ్మంలోంచి అది ఎలా వెళ్తుంది? గోడ ఎక్కడా పగలగొట్టలేదు, పాత సున్నం చెక్కుచెదరలేదు. పెట్టె పైకి వెళ్లలేదు. దాన్లో మెషినే లేదు. లేని మెషిన్‌ను మీకు చూపించే రోజు దగ్గరపడేసరికి గది తగలబెట్టారు. నింద కాపలా మనిషి మీద పడింది."

ఫైనాన్షియర్ నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ ఊళ్లో నన్ను నమ్మి డబ్బిచ్చినవాళ్లు ఒక్కరూ తిట్టలేదు," అన్నాడు. "జాలిపడ్డారు. అది భరించలేకపోయాను. మీ సొమ్ము చాలావరకు వాళ్లకే పంపాను."

"వాళ్ల దగ్గర తలెత్తుకోవడానికి వీళ్ల కొంప ముంచారు," అన్నాడు డిటెక్టివ్. "మిగిలిందెంతో ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్పండి. వీళ్లకు చేరేలా చూస్తారు."

టికెట్ల అత్తయ్య లేచి అతని ముందుకు వచ్చింది.

"మీ హాల్లో చివరి ఆటకు జనం వచ్చారా?"

అతను తలెత్తాడు. "ఎవరూ రాలేదు. మెషిన్ వేసి, కిందికొచ్చి నేనే కూర్చున్నాను. రీలు మార్చడానికి మళ్లీ పైకి పరిగెత్తాను. చివరిదాకా అంతే."

ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. చెంగుతో తుడుచుకుంది.

"మా ఆయనుంటే ఈ మాటకే నిన్ను క్షమించేసేవాడు. ఆయనది వెర్రి మనసు," అంది. "నేను క్షమించను బాబూ. నువ్వు మా తమ్ముణ్ణి జైలుకు పంపబోయావు."

ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి, "పదండి, వాణ్ణి ఇంటికి తెచ్చుకుంటాను," అంది.