మొదటి లైక్

అరసవల్లి లాడ్జి గదిలో చీఫ్ సోములు ఒక ఫోటోను టేబుల్ మీద ముందుకు తోశాడు.

"రమేష్‌బాబు. రాడార్ ఇంజినీరు. విదేశీ ముఠా ఎత్తుకుపోయి ఈ తీరం మీదే ఎక్కడో దాసింది. అదును సూసి పడవెక్కించేస్తాది. విజయనగరంలో సెవెన్ టైడ్స్ అని అంతర్జాతీయ సేవాసంస్థ ఉన్నాది. దాని సోషల్ మీడియా పేజీలోంచే సంకేతాలు ఎల్తన్నాయని అనుమానం."

"నా కవర్ ఏటి సార్?" అంది ఏజెంట్ కూర్మమ్మ.

"సోషల్ మీడియా ఇంటర్న్. పేరు తులసి. జీతం నేదు."

"ఆయుధం?"

సోములు సెల్ఫీల రింగ్ లైట్ ఇచ్చాడు. "ఎర్ర బటన్ నొక్కితే ఎదుటోలికి కాసేపు కళ్లు కనపడవు. నువ్వు కళ్లు మూసుకోవడం మర్సిపోకు. అక్కడ మన ఇన్ఫార్మర్ ఒకర్తి ఉన్నాది. అరసవల్లిలో ఎండెలాగుందని అడుగు. నీడే ఎక్కువ అంటాది."

తుపాకీ పట్టుకుని గోడలు దూకడమే కష్టమనుకునేవాళ్లు ఒక నెల ఇంటర్న్‌గా పనిచేసి చూడాలి. జెనీవా, నైరోబీల నుంచి వీడియో మీటింగులు. తెర మీద ఇరవై ముఖాలు, అందులో ఒక్కటీ ఆమె పేరు అడగలేదు. పాత సిమ్ చీఫ్ దగ్గరుంది. కూర్మమ్మా అని పిలిచే గొంతు విని నెల దాటింది. మధ్యాహ్నం మేడ మీద ఒక్కతే కూర్చుని తినేది. ఒకరోజు ఏమీ తోచక తన టిఫిన్ బాక్సుకే ఫోటో తీసుకుంది.

ఆ ఒంటరితనంలో ఆమెకు ఇద్దరే తోడు. ఒకరు కమ్యూనికేషన్స్ మేనేజర్ దుర్గాభవాని. సిల్కు చీర, నల్లకళ్లద్దాలు, మెట్ల దగ్గరే తెలిసిపోయే సెంటు. నీడే ఎక్కువ అన్నది ఆవిడే. రెండోది 'కెరటం' అనే అకౌంటు. ఏ పోస్టు పెట్టినా క్షణాల్లో మొదటి లైక్ దానిదే. ఎవరో తెలియదు. అయినా కూర్మమ్మ దాని కోసం ఎదురుచూసేది. ఏజెంటుకు అది తగదని తెలుసు, అయినా చూసేది.

ఆ రోజు దుర్గాభవాని పన్నెండు గంటల పోస్టుకు ఫోటో పంపింది. గంపలో నిగనిగలాడే వంజరం చేపలు, కింద 'ఈ ఉదయపు వేట' అని వాక్యం. కూర్మమ్మ దాన్ని షెడ్యూల్‌లో పెట్టి, మళ్లీ చూసింది. ఆమెది సముద్రం మీద బతికే కుటుంబం.

"ఈ నెల్లో వేటేటక్కా? సర్కారు నిషేధం కదా. పడవలన్నీ ఇసక మీదే ఉన్నాయి."

దుర్గాభవాని క్యారియర్ సంచిలోంచి పిస్తోలు తీసింది.

"అందుకే ఇన్నాళ్లు ఆగాం. సముద్రం ఖాళీగా ఉంటే మా పడవకి అడ్డెవరు? ఈ ఫోటో పడితే బయల్దేరతాది."

"కెరటం?"

"మావోడే. ఇంజినీరుకి కాపలా. పోస్టు సూసినట్టు లైక్ కొట్టి ఫోన్ ఆపేస్తాడు. నీకు అభిమాని దొరికీసాడనుకున్నావేటే?"

పిస్తోలు కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. కూర్మమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, టేబుల్ మీది రింగ్ లైట్ ఎర్ర బటన్ నొక్కింది.

గది తెల్లగా మండింది. దుర్గాభవాని కెవ్వున అరిచి కళ్లు కప్పుకుంది. కూర్మమ్మ పిస్తోలు లాక్కుని, ఆమె చేతులకు చార్జర్ వైరు బిగించింది.

పోస్టు పడడానికి ఇంకా అర నిమిషమే ఉంది. రద్దు చేస్తే లైక్ రాదు. లైక్ రాకపోతే ఆ ఫోన్ ఎక్కడుందో తెలియదు, రమేష్‌బాబు దొరకడు. అలాగని చేపల ఫోటో పడితే పడవ బయల్దేరుతుంది; ఫోటోయే మార్చాలి. చేతికందింది టిఫిన్ బాక్సు ఫోటో. చివరి సెకనులో అదే పెట్టి చీఫ్‌కు ఫోన్ కొట్టింది.

"మొదటి లైక్ పట్టుకోండి సార్."

తెర మీద ఏమీ లేదు. నెలంతా ఎదురుచూసింది ఒక ఎత్తు, ఈ ఎదురుచూపు ఒక ఎత్తు. రావాలి. వస్తే ఆ తోడూ పోతుంది. అయినా రావాలి.

గుండె గుర్తు ఎర్రబడింది. కెరటం.

"దొరికీసింది," అన్నాడు సోములు. "కళింగపట్నం, ఐసు షెడ్డు. మనోళ్లు పక్కనే ఉన్నారు."

సాయంత్రం మళ్లీ ఫోన్ చేశాడు. రమేష్‌బాబు క్షేమం. పడవ రాలేదు. దుర్గాభవానినీ, కాపలావాడినీ పట్టుకున్నారు. "శభాష్ కూర్మమ్మా," అన్నాడు. ఆ పేరు ఇంకోసారి వినాలని ఆమె ఫోన్ చెవికి అదిమిపెట్టుకుంది. "అనుమానం రాకుండా ఇంకో వారం అక్కడే ఉండు," అని పెట్టేశాడు.

మర్నాడు ఆమె మొక్కలు నాటే ఫోటో పెట్టింది. సాయంత్రం దాకా ఒక్క లైకూ లేదు. జెనీవా నుంచి మెయిల్ వచ్చింది: పేజీకి ఆదరణ తగ్గింది, కారణం తెలపగలరు.

'మన వీరాభిమాని లాకప్‌లో ఉన్నాడు' అని టైపు చేసి, చెరిపేసి, ఇంటర్న్ తులసి తన పోస్టుకు తనే ఒక లైక్ కొట్టుకుంది.