నాలుగు పచ్చసొనలు

"ఆ గుడ్డుకి మీ మీద ఏం పగండీ?"

తెనాలిలో డయాలసిస్ సెంటరు వరండాలో కూర్చుని ఉడికిన గుడ్డు ఒలుస్తున్న పోలయ్య తలెత్తాడు. ఎదురు బెంచీ మీద ఓ అమ్మాయి. నవ్వు కనపడకుండా చున్నీ అడ్డం పెట్టుకుంది గానీ, కళ్ళు నవ్వుతూనే ఉన్నాయి.

అతని చేతిలో గుడ్డు గుంటలు పడిపోయి ఉంది. తెల్లసొన సగం పెంకుతోనే ఊడి వచ్చేసింది.

"నవ్వండి, నవ్వండి. లోపల మా అమ్మ సూదులు గుచ్చుకుని పడుకుంది. రోజూ రెండు గుడ్ల తెల్లసొన పెట్టమన్నాడు డాక్టరు. సగం పెంకుకే పోతోంది."

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "సారీ అండి. మా నాన్న కూడా లోపలే ఉన్నారు. మీ అమ్మగారి పక్క బెడ్డే."

మళ్ళీ ఆమే అడిగింది. "గుడ్లు ఎప్పటివి?"

"పొద్దున మా కోళ్ళు పెట్టినవే. ఫ్రెష్షు!"

"అదీ సంగతి! ఫ్రెష్షువి పెంకు వదలవండీ. వారం ఆగి ఉడకబెట్టండి. చన్నీళ్ళలో వేసి పొయ్యి మీద పెడుతున్నారా?"

"అంతేగా?"

"కాదు. నీళ్ళు బాగా మరిగాక గరిటెతో మెల్లగా వదలాలి. పన్నెండు నిమిషాలు. తీసి వెంటనే చల్లటి నీళ్ళలో వేసెయ్యాలి. చల్లారాక వెడల్పు వైపు కొట్టి, నీళ్ళలో ఉంచే ఒలవండి. ఆ చివర లోపల కాస్త గాలి ఉంటుంది, వేలికి పట్టు దొరుకుతుంది."

"మీరేమన్నా గుడ్ల మీద పీజీ చేశారా?"

"రెండేళ్ళ నుంచి ఇదే కోర్సు," అందామె. ఈసారి నవ్వు కళ్ళదాకా రాలేదు.

ఆమె పేరు ప్రసూన. రేపల్లెలో బట్టలు కుడుతుంది. తండ్రి సాంబశివరావు లారీ డ్రైవరుగా చేసి మానేశాడు. తల్లి లేదు. పోలయ్యది సూర్యలంక. బోటు మీద వేటకి వెళ్తాడు. సోమ, బుధ, శుక్రవారాలు మాత్రం తల్లి పేరమ్మని ఆటోలో బాపట్లకీ, అక్కణ్ణుంచి రైల్లో తెనాలికీ తీసుకొస్తాడు.

"ఈ రోజుల్లో పోలయ్యేంటండీ?" అని ఏడిపించేది ప్రసూన.

"మా తాత పేరు. మారిస్తే ఊరుకోడు."

"ఉన్నారా?"

"లేడు. అందుకే భయం."

రెండు వారాలకి పోలయ్య గుడ్డు నున్నగా వచ్చింది. అరచేతిలో పెట్టుకుని, పరీక్ష పాసైనవాడిలా ఆమెకి చూపించాడు. పెద్దవాళ్ళిద్దరికీ రెండేసి గుడ్ల తెల్లసొనే పెట్టాలి. పచ్చసొనలు నాలుగూ మిగిలేవి. ఉప్పూ మిరియాలపొడీ చల్లుకుని, చెరి రెండూ తినేవాళ్ళు. వాన జల్లు వరండాలోకి కొడితే బెంచీ వెనక్కి జరిపేవాళ్ళు. జరిపిన ప్రతిసారీ మధ్యలో జాగా కాస్త తగ్గేది.

పేరమ్మ అన్నీ చూస్తూనే ఉంది. ఓ రోజు పోలయ్య సాంబశివరావుని "బాబాయిగారూ, మంచినీళ్ళు కావాలా?" అని అడిగితే గసిరింది. "బాబాయేంట్రా? మావయ్యా అను."

ప్రసూన చేతిలో టిఫిన్ బాక్సు మూత కింద పడింది.

ఆ సాయంత్రం తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కదలబోతుంటే పోలయ్య అడిగేశాడు. "మా అమ్మ అన్నది నిజం చేద్దామా?"

ప్రసూన లోపల కూర్చున్న తండ్రి వైపు చూసింది. "నాన్నని వదిలి నేను రాలేను. నాన్న ఉన్నంతకాలం ఈ మాట ఎత్తకండి," అంది.

"ఆగుతాను."

ఆగుతానన్నాడు గానీ, ఆ మర్నాటి నుంచి అతనికి మనశ్శాంతి పోయింది. సాంబశివరావు ఆయాసపడుతుంటే, ఈయన ఇంకెన్నాళ్ళో అన్న ఆలోచన వద్దన్నా వచ్చేది. వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసేది.

పోయింది మాత్రం పేరమ్మ. ఓ శుక్రవారం పొద్దున్నే, బాపట్ల స్టేషన్ చేరకుండానే ఆటోలో కొడుకు భుజం మీద తల వాల్చేసింది. మళ్ళీ ఎత్తలేదు.

పోలయ్య తెనాలి వెళ్ళడం మానేశాడు. సంగతి సెంటర్లో తెలిసి ప్రసూన ఫోన్ చేసేది. ఎత్తేవాడు కాదు. "తిన్నారా?" అని మెసేజ్ పెట్టేది. చూసి పక్కన పెట్టేవాడు. ఇంకొకళ్ళ తండ్రి ఎప్పుడు పోతాడా అని చూసినందుకే తనకి ఇలా జరిగిందని అతని మనసులో పడిపోయింది.

నెలన్నర తర్వాత ఓ మంగళవారం, ఒడ్డున వల బాగు చేసుకుంటుంటే ఆటో వచ్చి ఆగింది. ప్రసూన భుజం పట్టుకుని సాంబశివరావు దిగాడు. ఇసకలో నాలుగడుగులు వేసి ఆయాసపడిపోయాడు. పోలయ్య పరిగెత్తి వెళ్ళి పట్టుకున్నాడు.

"ఫోన్ ఎత్తకపోతే నేనేమనుకోవాలి?" అంది ప్రసూన. "చచ్చారో బతికారో తెలియద్దా?"

పోలయ్య సాంబశివరావు ముందు కూలబడ్డాడు. "మావయ్యా, మీరు పోయేదాకా ఆగుతానని ఒప్పుకున్నాను. లోపల మీ రోజులు లెక్కపెట్టాను. అందుకే అమ్మ పోయింది."

ప్రసూన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సాంబశివరావు అతని తల మీద చెయ్యి వేశాడు. "ఓరి పిచ్చివాడా. నేను లెక్కపెట్టుకోవట్లేదూ? ఈ పిల్ల నా వల్లే ఇలా మిగిలిపోయిందని రాత్రీ పగలూ నేను ఏడవట్లేదూ? మీ అమ్మ గుండెకి ఓపిక అయిపోయింది. నీ ఆలోచనకి అంత బలం ఎక్కడిదిరా?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నేను పోయాక కాదు. నేనుండగానే చేసుకోండి. చూసుకుని పోతాను."

ఇంట్లోంచి వచ్చిన అంకమ్మ అదంతా విన్నది. పేరమ్మకి చెల్లెలు, పోలయ్యకి ఇక మిగిలిన పెద్దదిక్కు. "ఏడాది తిరక్కుండా శుభకార్యమేంటని ఊరు అడగదా అన్నయ్యా?" అంది.

"నాకు ఏడాది లేదమ్మా," అన్నాడాయన.

అంకమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అక్కుంటే నెలైనా ఆగేది కాదు. ఊరికి నేను చెప్పుకుంటాలే."

పెళ్ళి ఓ మంగళవారం రామాలయంలో చేశారు. వచ్చింది పాతికమంది. మర్నాడు బుధవారం పసుపుతాళ్ళతోనే ప్రసూన తండ్రిని తెనాలి తీసుకెళ్ళింది. వెంట పోలయ్య. నర్సులు బెడ్డు దగ్గర స్వీట్లు పంచుకున్నారు.

సాంబశివరావు నాలుగు నెలలు బతికాడు. రేపల్లెలో, సొంత మంచం మీద, అల్లుడు మంచినీళ్ళు పడుతుండగా పోయాడు.

తల్లి పోయినప్పుడు పోలయ్య ఏడవలేదు. చితి దగ్గర కూడా రాయిలా నిలబడ్డాడు. ఆ రోజు మాత్రం మావయ్య కాళ్ళు పట్టుకుని, "అమ్మా, అమ్మా" అంటూ ఏడ్చాడు. ప్రసూన తన ఏడుపు దిగమింగుకుని వెనకనుంచి అతన్ని రెండు చేతులా పట్టుకుంది. అతను ఏడ్చినంతసేపూ వదల్లేదు.