కాళ్లు ముంచని కన్సల్టెంట్

బెన్హర్ మీద పెంచల్‌కున్న కోపం నిన్నా మొన్నటిది కాదు, ఆరేళ్లది. ఆరేళ్లుగా ప్రతి మీటింగునూ ఆ మనిషి ఒకే మాటతో మొదలుపెడతాడు: "పెంచల్, నువ్వు ఎయిత్ క్లాసేగా, నిదానంగా చెబుతాను."

ఆ రోజూ అంతే. నెల్లూరులో రొయ్యల మేత గోడౌను పైగది. కింద బోర్డు మేత కంపెనీది, పైన ఉన్నది గూఢచారి సంస్థ తీర విభాగం. ఉదయం పదకొండు. విభాగం చీఫ్ బెన్హర్ లేజర్ పాయింటర్‌తో గోడను పొడుస్తున్నాడు.

"నెట్‌వర్క్ అంటే కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవడం. నీ ఫోనుకీ చెవిలో ఇయర్‌బడ్‌కీ మధ్య అయితే పాన్. ఒక ఆఫీసులో అయితే లాన్. ఊరంతా అయితే మాన్. దేశాలు దాటితే వాన్. రాసుకో."

పెంచల్ రాసుకోలేదు. ఇరవై ఏళ్లు నెల్లూరు సందుల్లో స్తంభాలెక్కి టీవీ కేబుల్ లాగిన మనిషి. వీళ్లు మాన్ అని పేరు పెట్టుకున్నదాన్ని అతను చుట్టలు చుట్టలుగా భుజాన మోశాడు.

"ఇక ఆకారాలు. ఒకే తీగకు అందరూ వేలాడితే బస్. గుండ్రంగా చేతులు పట్టుకుంటే రింగ్. మధ్యలో ఒకడుండి అందరూ వాడి ద్వారానే మాట్లాడితే స్టార్. వాణ్ని కొడితే అందరి నోళ్లూ పడిపోతాయి. పక్కనున్నవాళ్లతో ఎవరికి వాళ్లు మాట్లాడుకుంటే మెష్. అందులో ఎవణ్ని కొట్టినా మాట ఇంకో దారి వెతుక్కుంటుంది."

"అసలు పని చెప్పండి సార్."

పని ఇది. చిల్లకూరు దాటి సముద్రం వైపున్న రొయ్యల గుంటల్లో, నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ల మీద మూడు నెలల కిందట ఒక కంపెనీ ఉచితంగా చిన్న పెట్టెలు బిగించింది. ఫోనులోంచే ఏరేటర్ వేసుకోవచ్చు, ఆపుకోవచ్చు. రైతులు సంబరపడ్డారు. ఆ కంపెనీ విదేశీ ముఠాది. ఈ మధ్యాహ్నం మూడూ పదికి సముద్రంలోని పడవ నుంచి ఆజ్ఞ వస్తుంది. పెట్టెలన్నీ కలిసి తీరాన్ని కాసే రాడార్ కేంద్రం మీద సిగ్నళ్లు కుమ్మరిస్తాయి. పదకొండు నిమిషాలు రాడార్ గుడ్డిదవుతుంది. ఆ సందులో పేలుడు సామాను నింపిన పడవ రేవులోకి దూరుతుంది.

"ఈ పెట్టెలది స్టార్. సెంటర్ వాళ్ల రొయ్యపిల్లల హేచరీ షెడ్డు. చెప్పింది మన డబుల్ ఏజెంట్ షారన్. పదేళ్ల నుంచి ఆక్వా కన్సల్టెంట్. మూడింటికి నా టీమ్ షెడ్డును లేపేస్తుంది. నువ్వు గుంటల దగ్గర కాపలా. కోడ్: 'కౌంట్ ఎంత?' జవాబు: 'నూట పదమూడు.'"

చేతికో గొట్టం ఇచ్చాడు. చూడ్డానికి గుంట నీళ్లలో ఉప్పు కొలిచే గొట్టంలాగే ఉంది. కన్ను పెట్టి చూస్తే ఏ పెట్టె మాట ఎంతదూరం పోతుందో అంకె పడుతుంది.

"మరి మారువేషం?"

"నీకెందుకయ్యా? ఉన్నట్టే పో. నిన్ను చూసి గూఢచారి అని ఎవడనుకుంటాడు?"

అందరూ నవ్వారు. అన్యాయం ఏమిటంటే అది నిజం. ఆ గుంటల్లో ఒకటి పెంచల్ నాన్న వదిలివెళ్లిన ఎకరా ముప్పై ఏడు సెంట్ల నేలే. అక్క ఆదిశేషమ్మ చూసుకుంటుంది. రేపే పట్టుబడి, అంటే రొయ్యలన్నీ పట్టి అమ్మే రోజు. కేజీకి ముప్పై తూగే రొయ్య. రెండు పంటలు జబ్బొచ్చి పోయాక నిలబడ్డ మొదటి పంట.

రెండూ ఇరవైకి పెంచల్ గట్టు మీదున్నాడు. ఆకాశం మబ్బుపట్టి ఉంది, గాలి చుక్క లేదు. అలాంటి రోజున ఏరేటర్లు అరగంట ఆగితే రొయ్య ఊపిరాడక చచ్చి పైకి తేలుతుంది. నాలుగు చక్రాలూ నీళ్లు చిమ్ముతున్నాయి. వాటి మీద నాలుగు పెట్టెల్లో పచ్చ లైట్లు.

తెల్ల కారు ఆగింది. నల్ల కళ్లద్దాలు, తెల్ల చొక్కా, సినిమా హీరోయిన్ నడక. గట్టు మొదట్లో ఊదా రంగు మందునీళ్ల టబ్బు ఉంది. షారన్ దాన్ని దాటి అడుగేసింది.

"యాడికమ్మే ఆ చెప్పులతో?" ఆదిశేషమ్మ అరిచింది. "కాళ్లు ముంచి రా!"

"ఈ రంగు నీళ్లలోనా? చెప్పులు ఆరువేలమ్మా." షారన్ నవ్వి పెంచల్ వైపు తిరిగింది. "కౌంట్ ఎంత?"

"నూట పదమూడు."

"బెన్హర్ సార్ నిన్ను వెంటనే గూడూరు రమ్మన్నారు. ఇక్కడ నీకు పని లేదు."

"అట్నే మేడం."

కారు వెళ్లిపోయింది. పెంచల్ కదల్లేదు. అతని కళ్లు టబ్బు మీదే ఉన్నాయి. ఒక గుంట జబ్బు ఇంకో గుంటకు కాళ్ల వెంట వస్తుంది. కలెక్టరొచ్చినా ఆ నీళ్లలో కాళ్లు ముంచాకే గట్టెక్కుతాడు. పదేళ్లు ఈ పనిలో ఉన్న మనిషికి అది రంగు నీళ్లా? పదేళ్లు అబద్ధమైతే, స్టార్ మాత్రం నిజమెట్లా అవుతుంది?

సరిగ్గా మూడింటికి ఫోను మోగింది. "షెడ్డు లేపేశాం! మిషన్ సక్సెస్!" బెన్హర్ గొంతులో అప్పుడే సన్మానం వినబడుతోంది.

"సార్, ఇక్కడ లైట్లు ఇంకా వెలుగుతున్నాయి. ఇది స్టార్ కాదు, మెష్."

"పొద్దున స్లైడ్ చూపించాగా? సెంటర్ పోతే అన్నీ పోతాయి. ఇది నీ కేబుల్ టీవీ కాదు." పెట్టేశాడు.

మూడూ రెండు. పెంచల్ గొట్టం పట్టుకుని గట్టంతా పరుగెత్తాడు. పెట్టె గొంతు రెండు వందల గజాలు దాటడం లేదు. సముద్రం వైపు గుంటలకూ రాడార్ వైపు గుంటలకూ నడుమ పెద్ద సరుగుడు తోపు. తోపు మధ్య ఖాళీలో ఉన్నది ఒకే ఒక్క గుంట, తమదే. ఇటు మాట అటు పోవాలంటే ఈ నాలుగు పెట్టెల మీదుగానే పోవాలి. మెష్‌కు వంద దారులుంటాయి. ఈ మెష్‌కు ఇక్కడ ఒకటే దారి. అందుకే షారన్ తనను గూడూరు పొమ్మంది.

కరెంటు తీస్తే చాలదు, లోపల బ్యాటరీలున్నాయి. పెట్టెలు కాలిపోవాలి. ఏరేటర్లకు కరెంటు పోయేది పెట్టెల్లోంచే, పెట్టెలు కాలితే అవి తిరగవు. జనరేటర్ వేసినా తిరగవు.

స్విచ్ బోర్డు మూత ఊడదీశాడు. ఆదిశేషమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తుండావురా? రేపు పట్టుబడిరా!"

"అక్కా, నేను కేబుల్ పని మానేసి ఆరేళ్లయింది. నేను చేసేది గవర్నమెంటు రహస్య పని."

"ఆ సంగతి ఊరంతా తెలుసులే. నెలనెలా జీతమొచ్చే కేబులోడు యాడుండాడు? చక్రాలు ఆపితే గుంట పోతుంది. అది చెప్పు."

"ఆపకపోతే రేవు పోతుంది. రేవులో జనముండారు."

ఆమె గుంట వైపు చూసింది. చాలాసేపు చూసే టైం లేదు. చెయ్యి వదిలింది. "కానీ. పైన నాయన అడిగితే నువ్వే చెప్పుకో."

"చెయ్యి తియ్యి, పెంచల్." వెనక, కారు తోపు చాటున వదిలి తిరిగొచ్చిన షారన్. కళ్లద్దాలు లేవు, చేతిలో పిస్టల్ ఉంది. "గూడూరు పొమ్మంటే పోవాలి. ఎయిత్ క్లాసుకు ఇంత ఆలోచన దేనికి?"

ఆ మాట ఆమెకు ఎవరు చెప్పారో పెంచల్‌కు తెలుసు.

మూడూ ఎనిమిది. షారన్ చూపంతా పెంచల్ చేతుల మీదే ఉంది. చీర చెంగు బిగించిన ముసలామెను ఆమె లెక్కలోకే తీసుకోలేదు.

"కాళ్లు ముంచమంటే ముంచవా?" టబ్బెడు ఊదా నీళ్లు మొహాన పడ్డాయి. పిస్టల్ ఆకాశంలోకి పేలింది. షారన్ కళ్లు మూసుకుని గట్టు మీంచి జారి బురదలో పడింది.

పెంచల్ న్యూట్రల్ తీగ పీకాడు. దాని చోట ఇంకో ఫేజు దూర్చాడు. రెండు వందల ముప్పై వోల్టులకు చేసిన పెట్టెల్లోకి నాలుగు వందల పైచిలుకు దూకింది. టప్, టప్, టప్. మూడు పొగలు. నాలుగోది ఇంకా పచ్చగానే ఉంది. వాచీలో మూడూ తొమ్మిదీ యాభై ఆరు. తీగను బలంగా అదిమాడు. యాభై తొమ్మిది. టప్.

చక్రాలు ఆగాయి. రాడార్ రెప్ప వెయ్యలేదు. రేవు బయటే నేవీ ఆ పడవను పట్టుకుంది. ఈ హడావిడిలో షారన్ కారెక్కి తప్పించుకుంది గానీ, నాయుడుపేట దగ్గర దొరికిపోయింది. ఊదా మందు ఆరి, ఎంత కడిగినా పోని గోధుమరంగు మచ్చలు మొహమంతా.

నాలుగింటికి రొయ్యలు తేలాయి. ఆదిశేషమ్మ గట్టు దిగి, చచ్చినవాటిని బుట్టలోకి ఏరడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది.

బెన్హర్ రిపోర్టు రాశాడు: స్టార్ నెట్‌వర్క్ సెంటర్‌ను సకాలంలో ధ్వంసం చేయడం వల్ల కుట్ర భగ్నమైంది. ఆయనకు మెడల్ వచ్చింది. పెంచల్‌కూ ఒక కాగితం వచ్చింది. కాలిన పెట్టెలు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి గనుక, కేసు తేలేదాకా సాక్ష్యం కింద సీలు వేసిన ఆస్తి వివరం. కింద బెన్హర్ సంతకం. నిదానంగా చదువుకున్నాడు, ఎయిత్ క్లాసు కదా: ఒక ఎకరా ముప్పై ఏడు సెంట్లు.